డిగ్రీ తరగతుల వాట్సాప్ గ్రూపులు: కళాశాల ఎంతవరకు వాడుకోవాలి, ఎక్కడ ఆపాలి?

ప్రశ్న
రాసినవారు: చిత్తూరు అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులోని ఒక డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తున్నాను. బోధనలోనూ పాలనలోనూ సామాజిక మాధ్యమాలను ఏ మేరకు వాడుకోవచ్చో నిర్ణయిస్తూ, వచ్చే విద్యాసంవత్సరానికి ఒక నియమావళి రాసి ఇవ్వమని మా ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు. ఇతర కళాశాలల నియమావళులు కొన్ని తెప్పించి చూశాను. వాటిలో అధిక భాగం విద్యార్థులు ఏమి చేయకూడదో చెప్పే నిషేధాలే తప్ప, అధ్యాపకులు ఏమి చేయాలో చెప్పినవి దాదాపుగా కనిపించలేదు. అందువల్ల ఈ విషయంలో అనుభవమున్నవారి అభిప్రాయాలు కోరుతున్నాను.

మా దగ్గర ప్రతి తరగతికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పరీక్ష ఫీజు గడువు, టైంటేబుల్ మార్పులు, బోర్డు మీద చేసిన లెక్క ఫోటో, యూట్యూబ్ పాఠాల లింకులు, ఇంటర్న్‌షిప్ ప్రకటనలు, పండుగ శుభాకాంక్షలు అన్నీ అందులోకే వచ్చి పడుతుంటాయి. ఇంటర్నల్ పరీక్షల మార్కుల జాబితాను పేర్లతో సహా ఫోటో తీసి పెట్టే అలవాటు కూడా కొందరికి ఉంది. చూసీ చూడనట్లు ఊరుకుంటున్నామే గాని, తక్కువ మార్కులు వచ్చిన పిల్లలకు అది ఎంత ఇబ్బందికరమో ఊహించుకోవచ్చు.

అయితే ఈ గ్రూపుల వల్ల మేలు లేదని అనలేను. మా విద్యార్థుల్లో ఎక్కువమంది గుడిపాల, యాదమరి, బంగారుపాళెం, పూతలపట్టు వైపు పల్లెల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారు. ఇల్లు చేరాక ఆవుల పని, పొలం పని కాచుకుని ఉంటాయి గనుక, చదువుకు నికరంగా దొరికే సమయం చాలామందికి ఆ బస్సు ప్రయాణమే. ఆ సమయంలో పుస్తకం తెరవని విద్యార్థి కూడా ఫోనులోని నోట్సు చూస్తున్నాడని బస్సులో నాతో పాటు వచ్చే సహోద్యోగులు చెబుతుంటారు, నేనూ గమనించాను.

సిబ్బందిలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. గ్రూపులన్నిటినీ మూసివేసి, నోటీసు బోర్డుకే తిరిగి వెళ్లాలని ఒక పక్షం అంటున్నది. బోధనలో సగాన్ని టెలిగ్రామ్‌కు, యూట్యూబ్‌కు మార్చవచ్చని మరొక పక్షం వాదిస్తున్నది. నాకు ఈ రెండూ నచ్చలేదు. ఏయే పనులకు ఈ మాధ్యమాలు తగినవో, ఏయే పనులకు తగవో ఎలా విడదీయాలి? ఆడపిల్లల ఫోన్ నంబర్లు తరగతి మొత్తానికీ కనిపించడాన్ని ఎలా నివారించాలి? గ్రూపులో ఎవరైనా అనుచితమైనది పెడితే అడ్మిన్‌గా ఉన్న అధ్యాపకురాలికి చట్టపరంగా బాధ్యత ఉంటుందా? ఈ చివరి భయం వల్లనే మాలో చాలామంది అడ్మిన్ బాధ్యత తీసుకోవడానికి వెనుకాడుతున్నారు.

సమాధానం 1
రాసినవారు: తిరుపతి విశ్వవిద్యాలయ అధ్యాపకుడు

మేడమ్ గారూ, మీ ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. పరీక్ష ఫీజు గడువూ, లెక్క ఫోటో, శుభాకాంక్షలూ ఒకేచోట పడుతున్నాయని మీరు రాశారు. ప్రకటించడం, భద్రపరచడం, చర్చించడం అనేవి వేర్వేరు పనులు. వాట్సాప్ గ్రూపు మొదటి పనిని బాగా చేస్తుంది, రెండో పనికి దాదాపు పనికిరాదు, మూడో పనిని తరగతి పరిమాణాన్ని బట్టి చేస్తుంది. ఈ మూడింటినీ ఒకే గ్రూపు మీద మోపడం వల్లనే మీ సిబ్బంది రెండు పక్షాలుగా చీలిపోయారని నా అభిప్రాయం.

భద్రపరచడం సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతున్నది. డిగ్రీ ప్రవేశాలు కొన్ని విడతలుగా జరుగుతాయి గనుక, చివరి విడతలో చేరిన విద్యార్థి తరగతికి వచ్చేసరికి మొదటి యూనిట్ అయిపోయి ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరినవారికి అంతకుముందు వచ్చిన సందేశాలు మామూలుగా కనిపించవు. అంటే, నోట్సు అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్న విద్యార్థికే నోట్సు అందడం లేదు. ఫోను మార్చినవారు, మెమరీ నిండి ఫైళ్లు తుడిచివేసినవారు కూడా ఇదే వరుసలోకి వస్తారు. కాబట్టి పాఠ్యసామగ్రి ఏదైనా సరే మొదట కళాశాల అధీనంలో ఉండే చోట చేరాలి. అది గూగుల్ క్లాస్‌రూమ్ కావచ్చు, మూడుల్ వంటి పాఠాల నిర్వహణ సాఫ్ట్‌వేర్ కావచ్చు, కనీసం యూనిట్ల వారీగా అమర్చిన ఒక డ్రైవ్ ఫోల్డర్ కావచ్చు. వాట్సాప్‌లోకి దాని లింకు మాత్రమే వెళ్లాలి. అధ్యాపకులు బదిలీ అయినా, గ్రూపు మూతపడినా సామగ్రి అలాగే ఉంటుంది.

చర్చ విషయంలో మాత్రం నేను సామాజిక మాధ్యమాల పక్షమే. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘స్వయం’ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలోని కోర్సులకు నాలుగు అంగాలు ఉండాలని నిర్దేశించారు: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వయంగా పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చావేదిక. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2021 నాటి నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి క్రెడిట్లు పొందవచ్చు. ఇంత బరువైన వ్యవస్థే చర్చను పాఠంలో ఒక అంగంగా గుర్తించినప్పుడు, మన తరగతుల్లో దాన్ని కాలక్షేపంగా కొట్టివేయడం సబబు కాదు. లింకు పంపి ఊరుకోవడం వేరు, ఆ వీడియోలో చెప్పిన తరుగుదల పద్ధతికీ మన పాఠ్యపుస్తకంలోని పద్ధతికీ తేడా ఎక్కడుందో రాయమని అడగడం వేరు. రెండోది చేసే ఓపిక లేనప్పుడు మొదటిదాన్ని బోధన అని పిలవకూడదు. 1984లో దూరదర్శన్‌లో యూజీసీ పాఠాలు మొదలైన నాటి నుంచీ ప్రతి కొత్త మాధ్యమం విషయంలోనూ ఈ లోపమే ఎదురవుతున్నది. పాఠం ప్రసారమవుతుంది, విన్నవాడిని ప్రశ్న అడిగేవారు ఉండరు.

ఫోన్ నంబర్ల సమస్యకు సులభమైన మార్గాలే ఉన్నాయి. పలు గ్రూపులను ఒకచోట చేర్చే వాట్సాప్ కమ్యూనిటీలోని ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు అడ్మిన్లకు తప్ప తోటి సభ్యులందరికీ కనిపించవు. అడ్మిన్లు తప్ప ఇతరులు సందేశాలు పెట్టలేరు గనుక శుభాకాంక్షల బెడద కూడా తీరుతుంది. 2023లో మన దేశంలోకి వచ్చిన వాట్సాప్ ఛానెళ్లలోనూ నంబరు గోప్యంగానే ఉంటుంది. టెలిగ్రామ్‌లో సభ్యులు తమ నంబరును దాచుకోవచ్చు గాని, ఆ అమరికను ఎవరికి వారు చేసుకోవాలి. మొదటి రోజునే తరగతిలో చేయించకపోతే ఎవరూ చేయరు.

మార్కుల జాబితా గురించి మాత్రం మెతకగా మాట్లాడలేను. దాన్ని వెంటనే ఆపాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా లెక్కించి, వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని ప్రస్తావిస్తుంది. ఇంటర్ ముగించి నేరుగా వచ్చిన మీ మొదటి సంవత్సరం విద్యార్థుల్లో 17 ఏళ్లవారు చాలామందే ఉంటారు. చట్టం సంగతి అటుంచినా, ఎవరి మార్కులు వారికి చెప్పడానికి తరగతి గదే చాలు.

అడ్మిన్ బాధ్యత విషయంలో మీ సహోద్యోగులకు ధైర్యం చెప్పవచ్చు. సభ్యుడు పెట్టిన అభ్యంతరకర సందేశానికి, కేవలం అడ్మిన్ అయినందువల్ల, ఆ వ్యక్తిని నేరబాధ్యుణ్ణి చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లోనూ, కేరళ హైకోర్టు 2022లోనూ చెప్పాయి. అడ్మిన్ స్వయంగా అందులో పాలుపంచుకుంటే అది వేరే సంగతి. అయినా ఒక్కరినే అడ్మిన్‌గా ఉంచకుండా, ప్రతి గ్రూపుకూ ఇద్దరు అధ్యాపకులను నియమించడం మంచిది.

సమాధానం 2
రాసినవారు: పీజీ విద్యార్థిని, తిరుపతి

మేడమ్ గారికి, సార్ గారికి నమస్కారం. సార్ గారు రాసిన వాటిలో చాలావరకు ఒప్పుకుంటూనే, విద్యార్థుల వైపు నుంచి ఒక విషయం చెప్పాలనుకుంటున్నాను. అధ్యాపకులు ఉన్న గ్రూపులో మేము చదువుకోము. అక్కడ "సరే సార్", "ధన్యవాదాలు మేడమ్" అని రాస్తాము. అసలు చదువు అధ్యాపకులు లేని గ్రూపులో జరుగుతుంది. అక్కడ తెలివితక్కువ ప్రశ్న అడిగినా ఇంటర్నల్ మార్కుల మీద ప్రభావం పడదని అందరికీ తెలుసు.

దీనికి ఒక ముఖ్యమైన కారణం బోధనా మాధ్యమం. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చారు. నాతో పాటు డిగ్రీలో చేరినవారిలో ఇంటర్ వరకు తెలుగులోనే చదివినవారు ఉన్నారు. తమిళనాడు సరిహద్దు మండలాల నుంచి వచ్చి, ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు అన్నట్లుగా నెట్టుకొచ్చినవారూ ఉన్నారు. పాఠం విన్న రాత్రి మా గ్రూపులో ఎవరో ఒకరు రెండు మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టేవారు. ఇంగ్లీషు పుస్తకంలోని పేరాను మా మాటల్లో, మా యాసలో, ఇంట్లో మాట్లాడుకున్నట్లుగా విప్పి చెప్పేవారు. దాన్ని బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎన్నిసార్లయినా వినవచ్చు. తరగతిలో అదే మాట మళ్లీ చెప్పమని మేడమ్‌ను ఎన్నిసార్లు అడగగలం? మా తరగతిలో కొందరు డిగ్రీ పూర్తి చేయగలిగారంటే ఆ వాయిస్ మెసేజ్‌ల పాత్ర తక్కువేమీ కాదు.

అందువల్ల నియమావళిలో విద్యార్థుల సొంత గ్రూపుల జోలికి వెళ్లవద్దని మనవి. వాటికి కూడా అధ్యాపకుణ్ణి అడ్మిన్‌గా పెట్టాలని ఎవరో ఒకరు తప్పక సూచిస్తారు. అలా చేసిన మరుక్షణం మరో గ్రూపు పుడుతుంది. దానికి బదులుగా, ఆ వాయిస్ మెసేజ్‌లలో దొర్లే తప్పులను దిద్దే ఏర్పాటు చేస్తే ఎంతో మేలు. పేరు రాయనవసరం లేని ఒక గూగుల్ ఫారంలో వారం పొడుగునా సందేహాలు తీసుకుని, వచ్చే వారం మొదటి తరగతిలో వాటిలో కొన్నిటికి జవాబు చెబితే, మా గ్రూపులో చలామణి అయ్యే తప్పులు వాటంతట అవే బయటపడతాయి.

ఒక్క విషయంలో మాత్రం జోక్యం అవసరం. సీనియర్లు గ్రూపు పెట్టి, కొత్తవారిని చేర్చి, అర్ధరాత్రి పనులు చెప్పడం, జవాబు ఇవ్వకపోతే వెలివేస్తామనడం ర్యాగింగే అవుతుందని యూజీసీ 2025లో స్పష్టం చేసింది. ఈ సంగతి మొదటి సంవత్సరం విద్యార్థులకు తెలియదు. చేరిన రోజే తెలుగులో అచ్చువేసి చేతికివ్వాలి.

మరొకటి కూడా ఉంది, రాయడానికి కాస్త మొహమాటంగా ఉంది. నాకు తెలిసిన ఒక ప్రైవేటు కళాశాలలో ప్రవేశాల సమయంలో విద్యార్థులందరూ కళాశాల ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌ను తమ ఖాతాల్లో పంచుకుని, ఆ స్క్రీన్‌షాట్‌ను తరగతి గ్రూపులో పెట్టాలని చెప్పారు. పెట్టనివారి పేర్లు చదివారు. మీ నియమావళి విద్యార్థి సొంత ఖాతాను కళాశాల ప్రచారానికి వాడుకోకూడదని ఒక్క వాక్యమైనా చెప్పాలి.

సమాధానం 3
రాసినవారు: గ్రంథాలయ నిర్వాహకుడు, తిరుపతి జిల్లా

చర్చ బాగుంది. గ్రంథాలయం వైపు నుంచి కొద్దిగా కలుపుతాను.

టెలిగ్రామ్ పట్ల మీ రెండో పక్షానికి ఉన్న మోజుకు అసలు కారణం అందులో దొరికే పుస్తకాల పీడీఎఫ్‌లేనని నా అనుమానం. ఒక టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది వరకు చేరవచ్చు, పెద్ద ఫైళ్లు పంపవచ్చు, పాత ఫైళ్లు వెతికితే దొరుకుతాయి. అందుకే అది పోటీ పరీక్షల అభ్యర్థులకు గ్రంథాలయంలా మారిపోయింది. కాని కోచింగ్ అధ్యాపకురాలు ఒకరు తన పాఠాలు, పుస్తకాలు టెలిగ్రామ్‌లో అక్రమంగా పంచుతున్నారని కోర్టుకు వెళ్లినప్పుడు, ఆ ఛానెళ్లు నడిపేవారి వివరాలు వెల్లడించాలని 2022లో ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. పేరు కనిపించదు గదా అన్న ధీమా అంత గట్టిదేమీ కాదు.

దీన్ని చూసి ఏదీ పంచకూడదని భయపడనవసరమూ లేదు. మన కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ బోధన కోసం చేసే నకళ్లకు వెసులుబాటు ఇచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని జిరాక్స్ దుకాణంపై పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన దావాలో, పాఠ్యప్రణాళిక ప్రకారం పుస్తకాల భాగాలను సంకలనం చేసి విద్యార్థులకు ఇవ్వడాన్ని 2016లో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టలేదు. మీ తరగతికి, మీ పాఠానికి కావలసిన అధ్యాయాన్ని ఇవ్వడం ఒక సంగతి. మొత్తం పుస్తకాన్ని ఊరూ పేరూ లేని వేలమందికి తెరిచి పెట్టడం మరో సంగతి. విశ్వవిద్యాలయ అధ్యాపకులు గారు చెప్పినట్లు కళాశాల లాగిన్‌తో తెరుచుకునే ఫోల్డర్ అయితే ఈ హద్దు దానంతట అదే నిలుస్తుంది.

మీది ప్రభుత్వ కళాశాల అయితే, 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం గురించి మీ సిబ్బందిలో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందులో అందుబాటులోకి వచ్చాయి. ఇక శోధగంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వ్యాసాలూ అక్కడున్నాయి. ఇవన్నీ చేతిలో ఉండగా, ఎవరు రాశారో తెలియని పీడీఎఫ్ కోసం విద్యార్థులు టెలిగ్రామ్ గాలిస్తున్నారంటే, ఉన్నవాటిని చూపించే పని మాలాంటివారం సరిగా చేయడం లేదన్నమాట. ఆ పనికి వాట్సాప్ చక్కగా సరిపోతుంది. వారానికి ఒక వ్యాసం, దాని గురించి తెలుగులో నాలుగు వాక్యాలు, కింద లింకు ఉంటే చాలు.

స్పందన
రాసినవారు: చిత్తూరు అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. ప్రకటించడం, భద్రపరచడం, చర్చించడం అన్న విభజనతోనే ముసాయిదా మొదలుపెట్టాను. వాయిస్ మెసేజ్‌ల గురించి విద్యార్థిని చెప్పిన మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పేర్లు లేని సందేహాల ఫారంను ముందు నా తరగతిలోనే మొదలుపెడతాను.

ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. మా ఆడపిల్లల్లో కొందరు ఇచ్చిన నంబరు తండ్రిది, లేదా అన్నది. ఫోను సాయంత్రం అతను ఇంటికి వచ్చాకే చేతికి వస్తుంది, ఒక్కోసారి రాదు. రాత్రి తొమ్మిదికి పెట్టిన ప్రకటనను బట్టి మరునాడు ఉదయం రికార్డు పుస్తకం తెమ్మంటే వారేం చేయాలి? రెండోది, కళాశాలలోని తాగునీటి సమస్య గురించి ఒక విద్యార్థి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టు చూసి, ఇలాంటివాటికి శిక్ష ఉండాలని నియమావళిలో చేర్చమని కొందరు పట్టుబడుతున్నారు.

సమాధానం 4
రాసినవారు: తిరుపతి విశ్వవిద్యాలయ అధ్యాపకుడు

మేడమ్ గారూ, రెండో దానితో మొదలుపెడతాను. ఆ నిబంధన చేర్చవద్దు. ఆన్‌లైన్ వ్యాఖ్యలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌నే సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసింది. కోళికోడ్‌లో హాస్టలు విద్యార్థిని ఒకరు రాత్రి వేళ ఫోను అప్పగించనన్నందుకు ఆమెను హాస్టలు నుంచి పంపివేసిన కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని కేరళ హైకోర్టు 2019లో చెప్పింది. పరువునష్టానికి, బెదిరింపులకు, ఆడపిల్లల ఫోటోల దుర్వినియోగానికి చట్టాలు ఉన్నాయి. తాగునీటి మీద ఫిర్యాదు వాటిలో దేని కిందికీ రాదు. ఆ విద్యార్థి ఇన్‌స్టాగ్రామ్ దాకా వెళ్లాడంటే, కళాశాలలో ఫిర్యాదు తీసుకునే చోటు ఏదీ అతనికి కనిపించి ఉండదు. ముందు దాన్ని సరిచేయమనండి.

మొదటి చిక్కుకు సాంకేతిక పరిష్కారం లేదు, నియమం ఒక్కటే మార్గం. ఇంటర్ హాల్ టికెట్లు కూడా ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలో ఇచ్చే రాష్ట్రంలో ఉన్నాము గనుక, ఫోను అందరి చేతిలోనూ ఉంటుందన్న భ్రమ సహజంగానే కలుగుతుంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ఏ ప్రకటనైనా నోటీసు బోర్డు మీదికి ఎక్కిన తరువాతే అమల్లోకి వస్తుందని రాయండి. సాయంత్రం ఆరు దాటాక పెట్టిన ప్రకటనను మరునాడు పెట్టినట్లే లెక్కించాలి, గడువుకు కనీసం రెండు పనిదినాల వ్యవధి ఉండాలి, వాట్సాప్ చూడలేదన్న కారణంతో ఎవరికీ మార్కులు గాని హాజరు గాని తగ్గించకూడదు. అధ్యాపకులకు ఇది మొదట్లో చికాకుగానే ఉంటుంది, ముఖ్యంగా విశ్వవిద్యాలయం నుంచే రాత్రి పూట హడావుడి సర్క్యులర్లు వచ్చినప్పుడు. అటువంటి సందర్భాల్లో ఆ పిల్లలకు తరగతి ప్రతినిధి ద్వారా ఫోను చేయించే బాధ్యత గ్రూపులోని ఇద్దరు అడ్మిన్లలో ఒకరికి అప్పగించండి. ఏ నంబరు విద్యార్థినిది, ఏది ఇంటివారిది అన్న వివరం ప్రవేశ దరఖాస్తులోనే విడిగా అడిగితే, ఎవరికి ఫోను చేయాలో వెతుక్కోనవసరం ఉండదు.